మేజోడు లోపలి మాట

నన్ను మీరు చూసి ఉండరు. ఎన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసినా కనిపించను. మేజోడు నన్ను పూర్తిగా కప్పి ఉంచాలన్నది ఆట నియమాల్లోనే ఉంది. నేను షిన్ గార్డ్‌ని. మోకాలికీ చీలమండకీ నడుమ, కండ లేకుండా చర్మం ఎముకను అంటిపెట్టుకుని ఉండే చోట నా కాపురం. బయట గట్టి ప్లాస్టిక్, లోపల మెత్తని నురుగు, కట్టుకోవడానికి ఒక పట్టీ. ఎడమకాలిది నేను, కుడికాలిది నా జోడు. దెబ్బ నన్ను కట్టుకునే మా అమ్మాయికి తగిలేలోపు నాకు తగలాలి. అదే నా పని.

మా అమ్మాయి నన్ను కొనుక్కున్న రోజుల్లో ఉత్తర ఇటలీలో ఒక చిన్న క్లబ్బుకు ఆడేది. పొద్దున్నే కాఫీ బార్‌లో కప్పులు కడిగి, సాయంత్రం మైదానానికి పరుగెత్తేది. ఒక శీతాకాలం ఆమె మోకాలు మెలిపడింది. అది నేను ఆపగల దెబ్బ కాదు. ఆరు వారాలు ఆమె మంచం మీద, నేను సంచిలో. ఆ ఆరు వారాలూ క్లబ్బు నుంచి ఒక్క యూరో రాలేదు. అడుగుదామంటే చేతిలో కాగితం లేదు.

అప్పటి లెక్క అది. ఇటలీలో వృత్తి క్రీడలకు 1981లో చట్టం వచ్చింది. ఏ ఆట వృత్తి, ఏది కాదు అని తేల్చే పని క్రీడా సమాఖ్యలకు వదిలేసింది. ఆడవాళ్ల ఆట ఒక్కటీ ఆ జాబితాకెక్కలేదు. దేశం జెర్సీ వేసుకుని ఆడినా వాళ్లు అమెచ్యూర్లే. ఏడాదికి సుమారు 30 వేల యూరోలకు మించి ఇవ్వడానికి లేదు. పింఛను మాటే లేదు.

మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఒక కథ చెప్పేది. 1933లో మిలాన్‌లో కొందరు అమ్మాయిలు జట్టు కట్టారట. లంగాలు వేసుకునే ఆడారట. గోల్ దగ్గర మాత్రం మగపిల్లల్ని నిలబెట్టారట. బంతి కడుపుకు తగిలితే రేపు పిల్లలు పుట్టరేమోనన్న భయం! కొన్ని నెలలకే ముస్సోలినీ ప్రభుత్వపు పెద్దలు ఆ ఆట కట్టించేశారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఒంటిని కాపాడటం నా వృత్తి కదా. నా వల్ల ఏ అమ్మాయీ ఆట మానలేదు, ధైర్యంగా బంతి మీదికి వెళ్లింది.

2017 జూలైలో మా రాత మారింది. ట్యూరిన్ నగరపు యువెంటస్ క్లబ్బు మహిళల జట్టు మొదలుపెట్టింది. కోచ్ రీటా గ్వారినో, కెప్టెన్ సారా గామా. మా అమ్మాయికీ చోటు దొరికింది, బెంచీ మీదే అనుకోండి. మొదటి సీజన్ ముగిసేసరికి మేమూ బ్రెషా జట్టూ పాయింట్లలో సమానం. 2018 మే 20న నొవారాలో తేల్చుకున్నాం. గోల్ పడలేదు. పెనాల్టీల్లో 5-4తో గెలిచాం. గీత బయట నిలబడ్డ మా అమ్మాయి కాళ్లు వణుకుతుంటే నా పట్టీ దానంతటది వదులైపోయింది. వంగి బిగించుకోవడానికి కూడా ఆమె కళ్లు మైదానం నుంచి మరల్చలేదు.

2019 మార్చి 24ను మాత్రం నేను మరవలేను. అప్పటిదాకా మగవాళ్ల జట్టే ఆడిన అలియాంజ్ స్టేడియం తలుపులు ఆ రోజు మాకు తెరిచారు. ఎదురుగా ఫియొరెంతీనా. ప్రవేశం ఉచితం. ఎంతమంది వస్తారోనని డ్రెస్సింగ్ రూమ్‌లో అందరిదీ ఒకటే గుబులు. మేజోడు లోపల నాకు కళ్లు లేవు. కానీ సొరంగం దాటి గడ్డి మీద కాలు పెట్టగానే నేల నుంచి ఒక అదురు బూటులోకి, ఎముకలోకి, నాలోకి పాకింది. 39,027 మంది! ఆట చివర్లో సోఫీ పెడర్సన్ గోల్ కొట్టినప్పుడు ఆ అదురుకు నాలోని నురుగు కూడా కంపించింది. ఇన్నాళ్లూ జనం లేరన్నారు. జనం ఉన్నారు, తలుపే తెరవలేదు.

ఆ తర్వాత గెలుపులు వరుసకట్టాయి. 2020-21లో ఆడిన 22 లీగ్ మ్యాచ్‌లూ మావే. మొత్తం అయిదేళ్లు అయిదు టైటిళ్లు. అయినా చట్టం దృష్టిలో మా వాళ్లు అమెచ్యూర్లే.

2022 జూలై 1న అది కూడా మారింది. దేశంలోని అగ్రశ్రేణి మహిళల లీగు ‘సేరీ ఆ’ వృత్తి క్రీడ అయింది. ఇటలీలో ఆడవాళ్ల ఆటకు ఆ హోదా రావడం అదే మొదలు. కనీస వేతనం, బీమా, పింఛను ఒప్పందంలోకి వచ్చాయి. ఆ మొదటి ప్రొఫెషనల్ సీజన్ టైటిల్ రోమా జట్టు ఎగరేసుకుపోయింది. పోనీండి, మేలు జరిగింది అందరికీ.

అప్పటికి నాకు నిలువునా పగులు వచ్చింది. ఎవరి బూటు మేకులో గుర్తులేదు, ఎముక మాత్రం నిలిచింది. మా అమ్మాయి కొత్త జత కొనుక్కుని నన్ను కడిగి, ఆరబెట్టి, సొరుగులో పెట్టింది. నా పక్కనే ఆమె ఒప్పందపు కాగితం ఉంది. ఆ రోజు మోకాలి విషయంలో నా వల్ల కానిది ఈ పలుచని కాగితం వల్ల అవుతుంది. ఆమె మంచం పట్టినా ఇంట్లో పొయ్యి ఆరదు. అది కూడా నా జాతిదే. నాలాగే ఎవరికీ కనిపించకుండా లోపలుండి కాపాడుతుంది.