తెలిసినవాళ్లెవరన్నా ఉన్నారా?

పోలీసులకు ఫోన్ చేసే విషయంలో నాది మొదటి నుంచీ తలకిందుల వరసే. తొందర లేని పనికి 100 కొడతాను. కొంప మునిగే వేళ పైరవీ వెతుక్కుంటాను. పేపరును తేదీతో సహా నమిలేసే మనిషిని, అయినా ఇంతే.

ముందు తొందర లేని పని సంగతి చెబుతాను. పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెట్టాను. వెరిఫికేషన్‌కి ఎవరూ రాలేదు. గూగుల్లో దొరికిన స్టేషన్ ల్యాండ్‌లైన్ మోగి మోగి ఆగిపోయింది. పోలీసులంతా ఒకటే కదా అని 100 కొట్టాను.

"చెప్పండి సార్, ఏం జరిగింది?" అంది ఫోనెత్తిన అమ్మాయి.

"ఏమీ జరగలేదమ్మా, అదే బాధ" అన్నాను. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇది ఆపదలో ఉన్నవాళ్ల లైనని, అలాంటివి స్టేషన్‌కి వెళ్లి కనుక్కోమని మర్యాదగా చెప్పి పెట్టేసింది. అదే క్షణాన ఇంకెవరో తలుపు గడియ పెట్టుకుని అదే నంబరు నొక్కుతూ ఉండొచ్చన్న ఊహ నాకు తట్టనే లేదు. "సమాధానం చెప్పే తీరిక కూడా లేదు వీళ్లకి" అని సణిగాను. "నయం, కరెంటు పోయిందని చేశారు కాదు. దానికి 1912 ఉందని గుర్తుందా?" అంది మా ఆవిడ.

ఇక కొంప మునిగిన రాత్రి. సంక్రాంతికి ఎదురు ఫ్లాటువాళ్లు "కాస్త చూస్తుండండి" అని నాకే అప్పజెప్పి ఊరెళ్లారు. అర్ధరాత్రి దాటాక బయట ఇనుము గీసుకుంటున్న చప్పుడు. తలుపు కంతలోంచి చూస్తే ఇద్దరు మనుషులు. ఒకడు తాళం దగ్గర ఇనుప రాడ్డు దూర్చి ఒత్తుతున్నాడు. రెండోవాడు సెల్‌ఫోన్ లైటు పట్టాడు. నా చేతిలోనూ ఫోనే ఉంది. దాంతో నేను వెతికింది మా మేనత్త కొడుకు నంబరు. ఆ బావ తోడల్లుడు వేరే జిల్లాలో ఏఎస్సై.

"బావా, మీ తోడల్లుడితో ఇక్కడి స్టేషన్‌కి ఒక మాట చెప్పించు" అన్నాను గుసగుసగా.

"ఏరా, బండి పట్టుకున్నారా?" అన్నాడు బావ నిద్రమత్తులో.

విషయం చెప్పాను. తోడల్లుడి ఫోను స్విచాఫ్. బావ భార్యను లేపాడు, ఆవిడ చెల్లెలికి చేసింది, ఆ చెల్లెలు మొగుణ్ణి లేపింది. చివరికి ఆ పెద్దమనిషే నాకు ఫోన్ చేసి, "సార్, మా ఇంట్లో దొంగలు పడ్డా నేను కొట్టేది 100కే. ముందు అది కొట్టండి" అన్నాడు.

కొట్టాను. "ఎక్కడున్నారు సార్?" "మా ఇంట్లో." "ఇల్లెక్కడ?" "దొంగలు మా ఇంట్లో కాదమ్మా, ఎదురింట్లో!" ఏళ్ల తరబడి ఉంటున్న వీధికి నంబరుందని అప్పుడే గుర్తొచ్చింది, ఎంతో మాత్రం గుర్తు రాలేదు. పాత కిరాణా కొట్టు వెనక అని చెప్పి, చప్పుడు దగ్గరైనట్టనిపించి కట్ చేశాను. వెంటనే తెలియని నంబరు నుంచి ఫోను. ఈ వేళలోనూ లోన్ కావాలా అనే వాళ్లేనా అని దాన్నీ కట్ చేశాను. దారి అడగడానికి చేసింది పోలీసులట. వాళ్లొచ్చేసరికి ఎదురింటి తలుపు బార్లా తెరిచి ఉంది, బీరువా కూడా.

తెల్లారాక ఎస్సై కాగితాలు ముందేసుకుని అడిగాడు. "దొంగలు లోపలికొచ్చిన టైము సీసీ కెమెరాలో ఉంది. మీ కాల్ వచ్చిన టైము మా రికార్డులో ఉంది. ఈ మధ్యలో ఏం చేస్తున్నారు సార్?"

భయంతో చేతులు ఆడలేదన్నాను. వేళ్లు బ్రహ్మాండంగా ఆడాయి, బంధువుల నంబర్ల మీద. 108 అంబులెన్సు మనకు 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇన్నేళ్లలో డ్రైవరు తెలిసినవాడేనా అని వాకబు చేసి దానికి ఫోన్ చేసినవాణ్ణి నేను చూడలేదు. పోలీసుల దగ్గరికొచ్చేసరికి మాత్రం సిఫార్సు లేకుండా ఫోన్ చేయడమంటే పిలవని పెళ్లికి వెళ్లినట్టుంటుంది నాకు. నేరుగా చేస్తే సాక్షివంటారు, స్టేషన్ చుట్టూ తిప్పుతారు, మధ్యలో మనవాడొకడుంటే మనకేం కాదు. ఇదీ నా లెక్క. నేరం తమ పరిధిలో జరగలేదని కేసు రాయకుండా పంపకూడదని 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనే రాశారు. నేనేమో మా వీధి పోలీసుల్ని పిలవడానికి పక్క జిల్లా పరిధి దాకా వెళ్లొచ్చాను.

ఇప్పుడు చిరునామా, వీధి నంబరుతో సహా, కాగితం మీద రాసి తలుపు వెనక అతికించాను. పోలీసు, ఫైరు, అంబులెన్సు ఏది కావాలన్నా 112 అని, ఖాతాలో డబ్బు ఎవడైనా కాజేస్తే ఆలస్యం చేయకుండా 1930 అని కింద పెద్దక్షరాల్లో రాశాను. వచ్చినవాళ్లకల్లా చూపించి పాఠం కూడా చెబుతున్నాను.

మొన్న ఎదురింటాయన వచ్చాడు. ఆ కాగితం వంక చూడనైనా చూడకుండా, "మీ బావగారి తోడల్లుడు పోలీసటగా. బంగారం తొందరగా దొరికేలా ఒక మాట చెప్పిస్తారా?" అన్నాడు.

చెప్పిస్తానన్నాను.