మూడుకు రెండు పండితులు

కంప్యూటర్ తెరపై ఊహాలోకపు ఫ్యాక్టరీలు కట్టించే ఆటల చుట్టూ గత పదేళ్లలో ఒక కొత్త పాండిత్యం పుట్టుకొచ్చింది. చెక్ దేశపు వూబ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2020 ఆగస్టులో సంపూర్ణ రూపంలో విడుదల చేసిన ఫాక్టోరియో, స్వీడన్‌కు చెందిన కాఫీ స్టెయిన్ స్టూడియోస్ 2024లో పూర్తిచేసిన శాటిస్‌ఫాక్టరీ ఈ పాండిత్యానికి ఆకరగ్రంథాలు. ఫాక్టోరియో ఆడేవాడు నేల తవ్వి ఖనిజం తీసి, కొలిమిలో పలకలు పోసి, వాటిని బెల్టుల మీద యంత్రాలకు పంపి, చివరకు రాకెట్టు ఎగరేస్తాడు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. చిక్కల్లా, తెర మీద లైను తిన్నగా వేసినవాడు నేల మీది ఉత్పత్తిని కూడా చక్కదిద్దగలడనే వాదంతోనే వచ్చింది. చదరంగంలో ఆట కట్టించినవాడెవడూ మర్నాడు సేనాధిపతి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న దాఖలా లేదు. ఈ కొత్త పండితులకు మాత్రం అంతటి మొహమాటం లేదు.

వారి మూలమంత్రం దామాషా, అంటే ఒక యంత్రం ఇచ్చే సరుకును తరువాతి యంత్రం ఎంత వేగంగా వాడుకుంటుందో లెక్కగట్టి, రెండూ సరితూగేటట్లు యంత్రాల సంఖ్యను నిర్ణయించడం. ఫాక్టోరియోలో ఒక పచ్చ సర్క్యూట్ తయారు కావడానికి అర సెకను సమయం, ఒక ఇనుప పలక, మూడు రాగి తీగలు కావాలి. తీగల యంత్రమేమో అదే అర సెకనులో రెండు తీగలు మాత్రమే ఇస్తుంది. కాబట్టి మూడు తీగల యంత్రాలకు రెండు సర్క్యూట్ యంత్రాలు పెడితే లెక్క కుదురుతుంది. పసుపు రంగు బెల్టు సెకనుకు 15 వస్తువులు మోస్తుంది, రాతి కొలిమి ఒక్కో పలకకు 3.2 సెకన్లు తీసుకుంటుంది, కనుక బెల్టు నిండడానికి 48 కొలిములు కావాలి. ఈ రెండు లెక్కలూ నోటికి వచ్చినవారు ఈ విద్యలో పట్టభద్రులు. ఒక్క బెల్టు కూడా పరవకుండానే, రాకెట్టు నుంచి గని దాకా వెనక్కి లెక్కవేసుకుంటూ స్ప్రెడ్‌షీటులో తెల్లవార్లూ గడులు నింపేవారు మహామహోపాధ్యాయులు.

ఇటువంటి మహామహోపాధ్యాయుణ్ణి కోనసీమలో సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పలగుప్తం మండలానికి ఉత్పత్తి సలహాదారుగా పంపితే జరగబోయేది ఊహించడం కష్టం కాదు. ముందుగా ఆయన దృష్టి కొబ్బరి తోటల మీద పడుతుంది. చెట్టెక్కి గెలలు కోసే పనిని దింపు అంటారు, నేలలో నిటారుగా పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, మెలిపెట్టి డొక్క ఊడదీసే పనిని ఒలుపు అంటారు. డొక్క పీచు పరిశ్రమకు, కాయ అంబాజీపేట మార్కెట్టుకు పోతాయి. పండితుడు దింపుకు ఇన్ని సెకన్లు, ఒలుపుకు ఇన్ని సెకన్లు అని రాసుకుని, ఇంతమంది దింపు కార్మికులకు ఇంతమంది ఒలుపు కార్మికులని తేల్చేస్తాడు. వాన పడి మాను జారుడుగా ఉన్నరోజు ఎవరూ చెట్టెక్కరని, వెయ్యి కాయల ధర పడిపోయినప్పుడు రైతు దింపే ఆపేస్తాడని, కాకుంటే దింపించిన కాయను తోటలోనే రాశి పోసి ఉంచుతాడని ఆయన పట్టిక ఎరగదు. తెర మీది యంత్రానికి ధరతో పని లేదు, అమ్ముడుపోని రాగి తీగ అప్పు తీర్చమని అడగదు.

కురిడీ దగ్గర ఆయన మరింత కలవరపడతాడు. ముదురు కాయను ఒలవకుండా అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి, ఊపితే లోపల గుండులాగా ఆడుతుంది. ఆ ఎండు గుండునే కురిడీ అంటారు. సరుకు ఎక్కడా నిలవకూడదన్నది దామాషా శాస్త్రంలో మొదటి సూత్రం, నెలల తరబడి నిలవ ఉండడమే కురిడీ తయారీ విధానం. అటక మీద కాయలను చూసిన పండితుడు దాన్ని ‘ఇరుకు’గా, అంటే లైను మొత్తాన్ని ఆపుతున్న చోటుగా గుర్తించి, వెంటనే నాలుగు అటకలు సమాంతరంగా కట్టించమని సిఫారసు చేస్తాడు.

మనుషుల విషయంలో ఈ శాస్త్రం మౌనం పాటిస్తుంది. హెన్రీ ఫోర్డు 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే లైను పెట్టి, పన్నెండు గంటలు దాటే కారు కూర్పును గంటన్నరకు దించిన మాట నిజమే. అయితే ఆ పని భరించలేక కార్మికులు గుంపులు గుంపులుగా మానేస్తుంటే, 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించాల్సి వచ్చిన మాటా అంతే నిజం. ఫాక్టోరియోలో కూలి లేదు, పండుగ లేదు, బయానా పుచ్చుకుని మొహం చాటేసే మేస్త్రీ లేడు. కాలుష్యం పెరిగితే మాత్రం కీటకాలు దండెత్తి వస్తాయి, వాటిని కాల్చడానికి తుపాకులు ఉన్నాయి. తీర మండలాల్లో రొయ్యల చెరువు ఉప్పు నీరు పక్క చేలోకి ఊరితే ఆ చేను రైతు కీటకంలా దండెత్తడు. అర్జీ పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు. అర్జీని కాల్చే తుపాకీ ఆటలో ఇంకా కనిపెట్టలేదు.

న్యాయంగా చెప్పాలంటే, తప్పు ఆటది కాదు. చివరి పెట్టె నిండితే బెల్టు ఆగుతుందని, బెల్టు ఆగితే యంత్రం, యంత్రం ఆగితే కొలిమి, కొలిమి ఆగితే గని ఆగుతాయని ఆట మొదటి గంటలోనే చూపిస్తుంది. కార్ఖానా వేగం దానిలోని అతి ఇరుకైన చోటి వేగాన్ని మించదని ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ‘ద గోల్’ అనే నవల రాసి మరీ చెప్పాడు. ఈ పాఠాన్ని పండితులు చదవకపోలేదు. ఇరుకు ఎప్పుడూ యంత్రాల మధ్యనే ఉంటుందని, యంత్రాలు పెంచితే పోతుందని అర్థం చేసుకున్నారు.

కోనసీమ వరి లైనులో ఇరుకు ఎక్కడుందో చూస్తే వారికి జ్ఞానోదయం కావాలి. 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే నీరు లొల్ల లాకుల దగ్గర పంపకమై సార్వాకు, దాళ్వాకు, అంటే వానకాలపు పంటకు, వేసవి పంటకు అందుతుంది. నేల సారవంతం, రైతు అనుభవజ్ఞుడు. దామాషా పట్టికలో ఈ గడులన్నీ పచ్చగా వెలుగుతాయి. నీరు బయటికి పోయే దారి సంగతి వేరు. మురుగు కాల్వల్లో గుర్రపుడెక్క అల్లుకుని, సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోతే, నాలుగు రోజుల వానకే సార్వా చేను ముంపులో ఉంటుంది. ముంపు నుంచి బయటపడ్డ ధాన్యం తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తిప్పలు తప్పవు, కొన్నాక డబ్బు ఎప్పుడు వస్తుందన్నది మరో లెక్క. ఇనుప పలకకు తేమ పరీక్ష పెట్టినవాడు ఏ ఆటలోనూ కనిపించడు.

పూడిన కాల్వలు, పెరిగిన కూలి, గిట్టని ధర కలిసి 2011 సార్వాలో కోనసీమ రైతులను పంట విరామం దాకా, అంటే నిరసనగా పంట వేయకుండా చేలను వదిలేయడం దాకా తెచ్చాయి. సాధారణ రకం ధాన్యం మద్దతు ధర ఆ ఏడాది క్వింటాలుకు 1080 రూపాయలు. చివరి పెట్టె నిండి, గని దాకా అంతా ఆగిపోవడం అంటే ఇదే. ఖాళీగా పడి ఉన్న చేలను చూస్తే పండితుడు యంత్రాలు పనిలేకుండా ఉన్నాయని నమోదు చేసుకుని, ఇంకో 48 చేలు కలపమని సలహా ఇచ్చి ఉండేవాడు. ప్రభుత్వం మాత్రం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీ వేసి కారణాలు అడిగింది. పదకొండేళ్ల తరువాత, 2022లో, కోనసీమలో మళ్లీ పంట విరామం మాట వినిపించింది. అప్పుడు కూడా రైతులు చెప్పిన కారణాల్లో మురుగు కాల్వల పూడిక ఉంది.