నీళ్ల కత్తి

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి ఒక సందులో, మేడమెట్ల కింద గేమ్ సెంటర్. అందులో మూలనున్న కంప్యూటర్‌ను నేను. పెంటియం ఫోర్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, పక్క రేకు లేని క్యాబినెట్. ఎండాకాలం ఆ రేకు బిగిస్తే వేడెక్కి ఆగిపోతానని ఓనరన్న దాన్ని విప్పి గోడకు ఆనించేశాడు. నా ఫ్యాను రెక్కల మీద ఎర్రదుమ్ము పొర కట్టేది. పాత పెయింటు బ్రష్షుతో ఆయన దాన్ని దులిపాకే నాకు ఊపిరాడేది.

నా మీద క్రికెట్ ఆడారు, కార్లు తోలారు, తుపాకులు పేల్చారు. అవి అక్కడితో అయిపోయేవి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా మాత్రం పిల్లలు కుర్చీలోంచి లేచాక కూడా అయిపోయేది కాదు. మెట్ల మీద నిలబడి వాదులాడుకునేవాళ్లు, "కడకు ఏమైనట్టురా?" అని.

2003లో యుబిసాఫ్ట్ మాంట్రియల్ వాళ్లు తెచ్చిన 'ద సాండ్స్ ఆఫ్ టైమ్'లో రాకుమారుడు కాలపు ఇసుకను బయటికి వదిలి, మనుషులను రాక్షసులుగా మార్చేసి, చివరికి కాలాన్నే మొదటికి తిప్పుతాడు. అంతదాకా పక్కన నిలబడి పోరాడిన ఫరా, మన దేశపు మహారాజు కూతురు, అప్పుడతన్ని గుర్తుపట్టదు. ఆమె లెక్కలో ఏదీ జరగలేదు మరి. తన తల్లి నేర్పిన రహస్యపదం 'కాకోలూకీయం' అతని నోట విని నిర్ఘాంతపోతుంది. పంచతంత్రం చదివిన పిల్లలకు ఆ పేరు కొత్త కాదు. చెరిగిపోయిన కాలంలోంచి ఈ కాలానికి దాటొచ్చిన సాక్ష్యం ఆ మాట. ఇది నాకు వెంటనే బోధపడింది. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది, డిస్కు మీద రాసుకున్నది ఉంటుంది. ఫరా ర్యామ్, రాకుమారుడు డిస్కు.

చిక్కంతా 2004 నాటి 'వారియర్ వితిన్'తో వచ్చింది. ఇసుకను వదిలినవాడు చావాలి, వీడు చావలేదు. కాలానికి కాపలా కాసే దహాకా అనే భూతం అందుకే అతన్ని తరుముతుంది. కాలద్వీపానికి పోయి, గతంలోకి దూకి, ఇసుకను సృష్టించబోయే మహారాణి కైలీనాను ముందే చంపేస్తే పీడ విరగడవుతుందని అతని ఆశ. చంపుతాడు. ఆమె ఒంట్లోంచే ఇసుక పుడుతుంది! ఇక్కడ పిల్లలు కీబోర్డు మీంచి చేతులు తీసేసేవాళ్లు. తర్వాత అతను ఒక మాయముసుగు తొడుక్కుని మళ్లీ గతంలోకి పోతాడు. ఆట మొదట్లో దూరంగా కనబడి మాయమైన నల్లటి ఆకారం తానేనని అప్పుడు తెలుస్తుంది. ఒకే కాలంలో ఇద్దరు రాకుమారులు. పాతవాణ్ని దహాకా పట్టుకుపోతుంది, ముసుగువాడు మిగులుతాడు. ఇక ఉపాయం ఒక్కటే. కైలీనాను వర్తమానంలోకి లాక్కొచ్చి ఇక్కడ చంపాలి. ఇసుక ఇప్పుడు పుడితే ఏళ్ల కిందట మహారాజు చేతికి దొరకదు, దొరకనిదాన్ని తాను వదిలేదీ లేదు.

కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంటర్ చదివే ఒక పిల్లవాడు అంతదాకా వచ్చిన సాయంత్రం, వాళ్ల నాయన వెనక స్టూలు మీద కూర్చునున్నాడు. విత్తన శనక్కాయల పని మీద టౌనుకొచ్చి, కొడుకును ఊరికి పిల్చుకుపోదామని ఆగాడు. పిల్లవాడు కైలీనాను చంపాడు. దహాకా ఆమె అవశేషాలను ఎత్తుకుపోయింది. రాకుమారుడు ఒంటరిగా పడవెక్కి ఇంటికి పోతే బాబిలోన్ మంటల్లో ఉంది.

"నీకు నీళ్ల కత్తి దొరకలేదప్పా," అన్నాడు ఓనరన్న. "దావలో తొమ్మిది చోట్ల ప్రాణం పెంచుకోనుంటే దొరికేది. అప్పుడు ఆయమ్మను చంపే పనిలేదు, దహాకానే చంపొచ్చు. ఆయమ్మా పడవలో వస్తుంది."

"వచ్చినా ఊరు కాలేది కాలేదేనా?" అన్నాడు నాయన.

"కాలేదే అన్నా, రెండింట్లోనూ."

ఆయన తలూపాడు. "మా చేన్లూ అంతే. ఆరుద్రలో విత్తినోనిది ఒక కత, పునర్వసు దాకా ఆగినోనిది ఇంగో కత. ఊడలు దిగేటప్పుడు వాన రాకుంటే ఇద్దరికీ ఒకటే కడ." కాసేపాగి కొడుకు భుజం తట్టాడు. "అట్లని ఎతక్కుండా పోతావా? ఆ తొమ్మిదీ ఎతకల్ల."

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అది ఏ కార్తెలో పడుతుందో తెలియకుండా విత్తే మనిషి ఆయన. చివరి పోరాటంలో కొడుకు చేతివేగం తగ్గిందని ఆయన అనుకోలేదు. ముగింపు ఎక్కడో వెనక దారుల్లోనే తేలిపోయిందని ఒక్క చూపులో పట్టేశాడు. ఆ సందులో నేను విన్న వ్యాఖ్యానాల్లో దీనికి సాటి లేదు.

పిల్లవాడు మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈ ఆటలో సేవ్ కావాలంటే రాకుమారుడు నీటి ఊట దగ్గరికి పోయి వంగి నీళ్లు తాగాలి. ఊట కనబడిన ప్రతిసారీ వాడు తాగించాడు, నేను రాసుకున్నాను. ప్రాణం పెంచే చోటికి పోయే ఇరుకుదారిలో గోడల్లోంచి కత్తులు, నేలలోంచి ముళ్లు. రంపం అటు జరిగేదాకా ఆగి, గోడ మీద రెండడుగులు పరుగెత్తి, అవతల దూకాలి. స్పేస్ బార్ మీద వాడి బొటనవేలు చెమటకు జారేది. చివరికి తొమ్మిదీ దొరికాయి, నీళ్ల కత్తీ దొరికింది. దహాకా చచ్చింది, కైలీనా పడవెక్కింది.

2005లో వచ్చిన 'ద టూ త్రోన్స్' ఆ పడవతోనే మొదలవుతుంది. పిల్లవాడు మొదట చూసిన ముగింపును తయారీదార్లు పక్కన పెట్టేశారు. ఇసుక అప్పట్లో పుట్టనేలేదు గనక పాత కథంతా రద్దయింది, మహారాజు మంత్రి, అందులో చచ్చినవాడు, బతికే ఉన్నాడు. ఆ మంత్రి బాబిలోన్‌లో కైలీనాను పొడిచి మళ్లీ ఇసుకను వదులుతాడు.

"అయితే నేను ఫస్ట్ చూసింది అబద్ధమా అన్నా?" అని అడిగాడు పిల్లవాడు.

కాదు. ఆ సేవ్ ఫైలు నా డిస్కులో రెండోదాని పక్కనే ఉంది, రెండూ తెరుచుకుంటాయి. మొదటిదాంట్లో కైలీనా అవశేషాలు దహాకాతో పోయాయి. అక్కడ మంత్రికి సైన్యముండొచ్చు గానీ ఇసుక ఉండదు. పడవలో ఒంటరిగా వచ్చినవాడికే ఊరిని కాపాడుకునే వీలెక్కువ. ఓనరన్నకు ఇది తట్టలేదు, పిల్లవాడు తానే లెక్కగట్టి చెప్పాడు. "మరి ఆయమ్మ?" అన్నాడు ఓనరన్న. వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆమె బతికి, ఊరూ క్షేమంగా ఉండే ముగింపు ఆ మూడు ఆటల్లో ఎక్కడా లేదు.