గోడమీది టైంటేబుల్: సటీకా తాత్పర్యము

మూలము: ఓం. తెల్లవారుజామున 4కు లేవాలి. 4.30–7 మ్యాథ్స్. సాయంత్రం 6–8 ఫిజిక్స్. 8.30–11 కెమిస్ట్రీ. ఆదివారం ఫుల్ రివిజన్. నో ఫోన్. సోమవారం నుంచి స్ట్రిక్ట్.

అవతారిక: ఇంటర్ రెండో ఏడు ఎంపీసీ చదివే కుర్రవాడొకడు ఆదివారం రాత్రి చార్టు మీద మూడు రంగుల స్కెచ్ పెన్నులతో రచించి, మంచానికి ఎదురుగా అతికించిన లఘుకావ్యమిది. మూలప్రతి గోడమీద ఉంది. ప్రతిలిపులు స్నేహితుల వాట్సాప్‌లలో ఉన్నాయి. మార్కుల కోసం ఏరికోరి తీసుకున్న సంస్కృతానికి ఇందులో ఒక్క పాదమైనా దక్కలేదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథసూరి తన వ్యాఖ్యల మొదట్లోనే ప్రతిజ్ఞ చేశాడు. ఇంత పొట్టి మూలానికి వ్యాఖ్య రాయబూనినవాడు ఆ రెండో నియమాన్ని పాటిస్తే పేజీ నిండదు.

ప్రతిపదార్థము: తెల్లవారుజామున 4కు = బ్రాహ్మీ ముహూర్తమందు; లేవాలి = అలారము మ్రోగగానే తల్లి లేచి దానిని ఆపవలెను (అని అనుభవజ్ఞుల పాఠము); మ్యాథ్స్ = గణితమును; ఫిజిక్స్ = భౌతికశాస్త్రమును; కెమిస్ట్రీ = రసాయనశాస్త్రమును. వీటిని ఏమి చేయవలెను? క్రియ లేదు. ‘చదువవలెను’ అని అధ్యాహారము చేసుకోవాలి.

చిక్కంతా ఆ అధ్యాహారంలోనే ఉంది. కవి ఉద్దేశించిన చదువేమిటో అతని ఫిజిక్స్ పుస్తకం చూస్తే తెలుస్తుంది: పేజీ పొడుగునా పసుపు గీతలు, వాటి మీద ఆకుపచ్చ గీతలు. చదివిందే మళ్లీ చదవడమన్నమాట. దీన్ని రోడిగర్, కార్పికి అనే అమెరికన్ పరిశోధకులు 2006లో పరీక్షకు పెట్టారు. విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒకసారి చదివించి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినదానిదే పైచేయి. వారం తర్వాత అడిగితే లెక్క తలకిందులైంది: రెండుసార్లు చదివింది 42 శాతం గుర్తుంటే, మూసి రాసింది 56 శాతం గుర్తుంది. కాబట్టి ‘6–8 ఫిజిక్స్’ అన్నచోట ‘6–7 చదువుట, 7–8 పుస్తకము మూసి డెరివేషన్ రాయుట’ అని పూరించుకుంటే మూలానికి అర్థం చేకూరుతుంది. రాయబోతే రాదు, విసుగొస్తుంది. రెండుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. కవి ఏ మార్గం ఎంచుకుంటాడో చెప్పడానికి వ్యాఖ్యాత అక్కరలేదు.

‘4.30–7 మ్యాథ్స్’. రెండున్నర గంటలూ ఒకే ఎక్సర్‌సైజు దంచడమని సంప్రదాయార్థం. రోరర్, టేలర్ అనేవారు దీన్ని ఆక్షేపించారు (2007). నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పుతూ, కొందరికి లెక్కలు రకాలవారీగా ఇచ్చారు, కొందరికి కలగాపులగంగా ఇచ్చారు. సాధన చేసేటప్పుడు మొదటివారు 89 శాతం సరిగ్గా చేస్తే రెండోవారు 60 దగ్గరే ఆగారు. వారం తర్వాత పరీక్షలో మొదటివారికి 20, రెండోవారికి 63. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్‌వే. ఏ ప్రశ్న ఏ చాప్టర్‌లోదో అక్కడ ఎవరూ చెప్పరు.

కెమిస్ట్రీకీ ఇదే అన్వయం. అయితే 11కు పుస్తకం మూసి 4కు లేస్తే మధ్య మిగిలేది ఐదు గంటలు. 13 నుంచి 18 ఏళ్లవారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్యుల సంఘం చెబుతోంది. పగలు చదివింది స్థిరపడే పనిలో కొంత ఆ నిద్రలోనే జరుగుతుంది గనుక, ఇక్కడ కవి కుడిచేత్తో రాసింది ఎడమచేత్తో తుడిపేస్తున్నాడు.

‘ఆదివారం ఫుల్ రివిజన్’. ఫుల్ = సంపూర్ణముగా. అతిశయోక్తి అలంకారము. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన ప్రయోగాల్లో తానే గురువు, తానే శిష్యుడు. అర్థం లేని అక్షరాల వరసలు బట్టీపట్టి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. గంట గడిచేసరికే ఆదా సగం కంటే తగ్గింది, ఒక రోజుకు మూడోవంతు మిగిలింది, నెలకు ఐదోవంతు. అర్థమున్న పాఠం ఇంత త్వరగా జారిపోదు గానీ, సోమవారంనాటి సూత్రాన్ని ఆదివారం దాకా ముట్టుకోకపోవడం మాత్రం సాహసమే. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్నలిస్టు 1972లో దీనికొక అట్టపెట్టె ఉపాయం చెప్పాడు. చీటీకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. జవాబు వచ్చిన చీటీ తర్వాతి అరకు పోయి ఆలస్యంగా తిరిగొస్తుంది, రానిది మొదటి అరకే దిగి రేపే మళ్లీ ఎదురవుతుంది. చెప్పుల డబ్బా ఒకటి చాలు. స్కెచ్ పెన్నుల కన్నా చవక.

‘నో ఫోన్’. అన్యదేశ్య సమాసము. అలారం కూడా అందులోనే ఉంది గనుక వదతో వ్యాఘాతము.

‘సోమవారం నుంచి స్ట్రిక్ట్’. ఏ సోమవారమో చెప్పలేదు. పనికి పట్టే కాలాన్ని మనిషి తక్కువగా అంచనా వేసుకుంటాడని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే ఎత్తిచూపారు. 1994లో అచ్చయిన ఒక పరిశీలనలో, సిద్ధాంతవ్యాసం సగటున 34 రోజుల్లో ముగిస్తామన్న విద్యార్థులకు 55 రోజులు పట్టింది. దానికితోడు కావ్యంలో కాలమే తప్ప చోటు లేదు. చోటును చెప్పే సప్తమీ విభక్తి, అందున్ గానీ నన్ గానీ, ఒక్కచోటా కనబడదు. ఇది శుష్క వ్యాకరణ దోషం కాదు. గోల్‌విట్జర్ బృందం విద్యార్థులకు క్రిస్మస్ సెలవుల్లో ఒక నివేదిక రాసే పని పెట్టింది. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో మూడింట రెండువంతులకు పైగా రాశారు, మిగిలినవారిలో మూడోవంతే. ‘కాలేజీ నుంచి రాగానే, టీవీ లేని గదిలో, తలుపు పక్క కుర్చీయందు’ అని ఉంటే సప్తమీ లోపం తీరేది.

పాఠాంతరములు: పది రోజుల తరువాతి ప్రతిలో 4 కొట్టివేసి 5.30 అని దిద్దారు. ఇదే గ్రాహ్యం. 11 పక్కన బాల్‌పెన్నుతో ‘ఇంకో గంట కూర్చోవచ్చు’ అని కనిపించే పంక్తి మాత్రం ప్రక్షిప్తము. సిరా వేరు, దస్తూరీ ప్రోగ్రెస్ కార్డు మీది తండ్రిగారి సంతకంతో సరిపోతున్నది.