మూడు ముళ్ళవాడు

డాలస్ చుట్టుపక్కల తెలుగు కాపురాలున్న ఏ వీధికి వెళ్ళినా బళ్ళన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఇంటికో టెస్లా, పక్కన పిల్లల్ని సంగీతం క్లాసుకి దింపే హోండా ఒడిస్సీ. అలాంటి వీధిలో పొద్దున్న ఆరున్నరకి కిటికీ అద్దాలు గడగడలాడితే భూకంపం అనుకోకండి. మీటర్ల అన్న బండి స్టార్ట్ చేశాడు. ఇర్వింగ్‌లో ఒకడు, ప్లేనోలో ఒకడు, ఫ్రిస్కోలో ఒకడు ఉంటాడు. ఇంటిపేర్లు వేరు, మీటర్లు అవే. నాకు బాగా తెలిసినవాడు ఫ్రిస్కో అన్న.

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది కొందరు పెద్ద ఇల్లు కొంటారు, కొందరు ఇన్నేళ్ళకి దేశం వెళ్ళి అమ్మానాన్నల్ని చూసుకొస్తారు. అన్న 2001 నాటి డాడ్జ్ రామ్ 2500 కొన్నాడు. కొన్నది ట్రక్కని అతను ఒప్పుకోడు. "ట్రక్కు ఎవడికి కావాలి తమ్ముడూ? లోపలున్నది కమిన్స్ డీజిల్ ఇంజను. 5.9 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, 24 వాల్వులు. చుట్టూ ఉన్న రేకు ఫ్రీగా వచ్చింది." ఆ బండి నాలుగైదు టన్నులు లాగుతుంది. అన్న ఇంట్లో లాగాల్సిన బరువుల్లో అతి పెద్దది 20 పౌన్ల సోనా మసూరి బస్తా. ఉద్యోగం డేటాబేసుల మీద, అదీ ఇంటి నుంచే.

బండి కొన్నాక కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాడు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. అక్కడితో మామూలు మనిషికి తృప్తి కలుగుతుంది. అన్నకి అప్పుడే అనుమానం మొదలైంది.

డాష్‌బోర్డు మీద ముళ్ళు లేక కాదు. కంపెనీ ఇచ్చిన ముళ్ళంటే అతనికి నమ్మకం లేదు. ఆ అపనమ్మకానికి ఆధారం ఉందని ఒప్పుకోవాలి. ఆ కాలపు ఫోర్డ్ ట్రక్కుల్లో ఆయిల్ ప్రెషర్ మీటరు వెనక ఉన్నది కొలిచే యంత్రం కాదు, ఒట్టి స్విచ్చి. చదరపు అంగుళానికి ఆరేడు పౌన్ల ఒత్తిడి దాటితే చాలు, ముల్లు నడిమధ్యకొచ్చి నిలబడుతుంది. అరవై ఉన్నా అక్కడే నిలబడుతుంది. ఇంజను వేడి చూపే ముల్లు కూడా చాలా బళ్ళలో ఇంతే. కాస్త వేడెక్కినా, కాస్త చల్లబడినా మధ్య గీత వదలకుండా ఉండేట్టు తయారుచేస్తారు. ముల్లు ఊగితే ఓనరు కంగారుపడి షోరూముకి పరిగెత్తుకొస్తాడు కదా మరి. ఓనరు మనశ్శాంతిగా ఉండాలని కంపెనీ కోరిక. అన్నకి ఆ మనశ్శాంతే అవమానంగా తోచింది.

"నా బండి ఫోర్డ్ కాదు, నిజమే. కానీ ఒకడు అబద్ధం చెప్పాక ఇంకొకణ్ణి ఎలా నమ్మమంటావు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మూడు మీటర్లు తెప్పించాడు. ఒక్కోటి 52 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ళ. డ్రైవరుకి ఎడంపక్క, ముందు అద్దానికీ తలుపుకీ మధ్య ఉండే స్తంభానికి ప్లాస్టిక్ తొడుగు బిగిస్తే మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మొదటిది టర్బో ఎంత గాలి నెడుతోందో చెబుతుంది. రెండోది పొగ ఎంత వేడిగా ఉందో చెబుతుంది. మూడోది డీజిల్ ఎంత ఒత్తిడితో పంపుకి చేరుతోందో చెబుతుంది. గేరుబాక్సు వేడి చూపే నాలుగోదానికి స్తంభం మీద చోటు లేదు. ఆ దిగులు అతనికి ఇప్పటికీ తీరలేదు.

ఈ మూడింటిలో మూడోదాన్ని నేను వెక్కిరించను. 1998 నడిమి నుంచి 2002 దాకా వచ్చిన ఆ 24 వాల్వుల కమిన్సుల్లో వీపీ 44 అనే ఇంజెక్షన్ పంపు ఉంటుంది. దాన్ని చల్లబరిచేదీ, దాని లోపలి భాగాలు అరగకుండా కాపాడేదీ దానిగుండా పారే డీజిలే. టాంకు నుంచి డీజిల్ అందించే చిన్న పంపు నీరసిస్తే పెద్ద పంపు చడీచప్పుడూ లేకుండా చస్తుంది. కొత్తది వెయ్యి డాలర్లు దాటుతుంది. ఈ సంగతి చెప్పే ముల్లు కంపెనీ డాష్‌బోర్డు మీద లేదు. ఆ ఒత్తిడి పది పౌన్లకి తగ్గకూడదని మెకానిక్కులు చెబుతారు. కాబట్టి ఆ మీటరు అవసరం. తక్కిన రెండూ అన్నకి అవసరం.

బిగించే రోజు నన్ను పిలిచాడు. బండి గరాజులో పట్టదు. మూతి లోపల, తోక బయట పెట్టుకుని డ్రైవ్‌వే మీదే పని. డాలస్ టైముకి వేసిన పంచాంగం చూసి రాహుకాలం దాటేదాకా ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. తర్వాత నా చేతికి టార్చి ఇచ్చాడు. టార్చి పట్టుకోవడంలో తెలుగు పిల్లలందరికీ నాన్నల దగ్గరే శిక్షణ అవుతుంది. ఎటు పట్టినా తిట్లే. నలభై దాటాక మళ్ళీ ఆ వైభవం అనుభవించాను.

గోడకి ఫొటో తగిలించడానికి మేకు కొట్టాలంటే మనిషిని పిలిపించే అన్న, ఆ రోజు పోత ఇనుప మానిఫోల్డుకి తన చేత్తో చిల్లు పెట్టాడు. పొగ వేడి కొలవాలంటే అంతే మరి. సిలిండర్ల నుంచి పొగ వచ్చి కలిసేచోట, టర్బోకి ముందు, చిల్లు పెట్టి, మర తొలిచి, అందులో థర్మోకపుల్ అనే చువ్వ దింపాలి. భయమల్లా ఇనప రజనుతో. అది లోపల పడితే నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే టర్బో రెక్కల్లోకి పోతుంది. అందుకని డ్రిల్లు బిట్టుకి నిండా గ్రీజు పూసి, నాలుగు చుట్లు తిప్పి, బయటికి తీసి, గ్రీజుకి అంటిన రజను గుడ్డతో తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ నాలుగు చుట్లు. మధ్యమధ్య అయస్కాంతం ముక్క చుట్టూ తిప్పడం. చివర ఇంజను స్టార్ట్ చేస్తే మిగిలిందేమైనా ఉంటే ఆ గాలికి చిల్లులోంచి ఎగిరిపోతుంది. బిట్టు అవతలికి దిగిన క్షణంలో అన్న కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఏ దేవుణ్ణి తలిచాడో అడగలేదు.

వైర్ల పని నాది. ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్య ఉండే ఇనప గోడ చిల్లులోంచి రబ్బరు బిళ్ళ వేసి లాగాలి, లేకపోతే అంచు తగిలి తొడుగు తెగుతుంది. డీజిల్ గొట్టం మాత్రం మనుషులు కూర్చునే చోటికి తేకూడదు. తెగితే ఒళ్ళో డీజిలే. అన్న దానికి ఇంజను దగ్గరే ఎలక్ట్రిక్ సెండరు పెట్టి వైరు మాత్రం లోపలికి తెచ్చాడు. ఈ విషయంలో అతని బుద్ధికి దణ్ణం పెట్టాలి. దీపాల వైరుని డాష్‌బోర్డు దీపాలతో కలపడానికి నేను తలకిందులుగా పెడల్స్ కింద ఇరుక్కుని ఉంటే, పైనుంచి అన్న సైన్సు చరిత్ర చెప్పాడు.

"1849లో పారిస్‌లో బూర్డాన్ అని ఒకాయన కనిపెట్టాడు తమ్ముడూ, ఈ గాలి మీటరు. లోపల వంచిన ఇత్తడి గొట్టం ఉంటుంది. తిరునాళ్ళలో ఊదితే సాగి, ఆపితే చుట్టుకునే కాయితం బూర చూశావూ? అచ్చం అదే. ఒత్తిడికి గొట్టం విచ్చుకుంటుంది, ముల్లు కదులుతుంది. కంప్యూటరు లేదు, కరెంటు లేదు."

"అన్నా, నెత్తికి రక్తం దిగుతోంది."

"రెండోది ఇంకా పాతది. రెండు రకాల లోహాల తీగలు కలిపి ఆ కొస వేడిచేస్తే కరెంటు పుడుతుందని జీబెక్ 1821లోనే చూశాడు. మన చువ్వ అదే."

నా రక్తపోటుకి ఆయన మీటరేదీ కనిపెట్టలేదు.

ఈ కాలం బళ్ళలో ఇంత తంటా అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్టులో చిన్న తెర గుచ్చితే బండి కంప్యూటరుకి తెలిసిన అంకెలన్నీ చూపిస్తుంది. అన్నకి ఆ తెరలంటే చులకన. "అది కంప్యూటరు చెప్పిన మాట. ఇది ఇంజను చెప్పిన మాట" అంటాడు. రోజంతా కంప్యూటరు చెప్పిన మాట విని జీతం తీసుకునే మనిషి అనాల్సిన మాటే అది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. డీజిల్ ట్రక్కుల వాళ్ళలో సైలెన్సరు విప్పించి, వెనకాల వచ్చేవాళ్ళ మొహాన నల్లపొగ కొట్టే జాతి ఒకటుంది. అన్న ఆ కోవ కాదు. కాలుష్య పరికరాల జోలికి పోడు, అది చట్టవిరుద్ధమని అతనికి తెలుసు. అతని వల్ల లోకానికి నష్టం లేదు, పక్క సీటులో కూర్చున్నవాడికే.

మీటర్లు బిగించాక మనిషి మారాడు. ఫోన్ చేసి ఎక్కడున్నారంటే "ఆరొందల్లో ఉన్నాను" అంటాడు. ఎగ్జిట్ నంబరనుకునేరు, పొగ వేడి, ఫారన్‌హీట్‌లో. అల్యూమినియం 1220 డిగ్రీల దగ్గర కరుగుతుందనీ, పిస్టన్లు అల్యూమినియమేననీ, ముల్లు 1250 దాటి ఎక్కువసేపు నిలవకూడదనీ వెనక కూర్చున్న మా ఆరేళ్ళ పిల్లకి చెప్పాడు. అది ఇంటికొచ్చాక "నాన్నా, మన కారు కరుగుతుందా?" అని ఏడ్చింది. మాది టెస్లా అని చెప్పి ఊరుకోబెట్టాను.

ఇంట్లోనూ అంతే. వేడి కొలిచే తుపాకీ ఒకటి కొన్నాడు. దోసెల పెనం మీదికి ఎర్రచుక్క గురిపెట్టి "నాలుగొందల పది, ఇప్పుడు పొయ్యి" అంటాడు. వదిన అప్పటికి రెండు దోసెలు తీసి ఉంటుంది. కుక్కరుకి మీటరు పెట్టకుండా ఈలలు ఎందుకు పెట్టారని అతని ఇంకో బాధ.

వినాయక చవితి భోజనాలకి పులిహోర ట్రేలు, పప్పు గిన్నెలు అన్న బండిలోనే వచ్చాయి. బండి వచ్చి ఆగింది. మనిషి దిగడు. ఇంజను ఆగదు. టర్బో వేడిగా ఉండగా ఇంజను ఆపితే లోపలి ఆయిలు మాడి మసి కడుతుంది, ముల్లు 350కి దిగాలి అన్నది సూత్రం. సూత్రం సరైనదే. కాకపోతే కాలనీలో పాతిక మైళ్ళ వేగంతో వచ్చేసరికే అది చాలావరకు చల్లారి ఉంటుంది. అయినా అన్న లోపల కూర్చుని ముల్లుకేసి చూస్తాడు, ఆకలి మీదున్న జనం బయట నిలబడి అన్నకేసి చూస్తారు. "దిగిందా?" అని పెద్దాయన ఒకరు అడిగారు. "ఇంకో ఇరవై ఉంది బాబాయిగారూ" అన్నాడు అన్న. వినాయకుడికి నైవేద్యం ఆ ఇరవై దిగాకే పెట్టారు.

అసలు చిక్కు ఎక్కడంటే, డాలస్ బల్లపరుపు నేల. ఎత్తు లేదు, బండి మీద బరువు లేదు. ముల్లు సోమరిగా అడుగునే పడుంటుంది. అంత కష్టపడి బిగించిన మీటరు ఎర్రగీత వైపు కదలకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. టర్నర్ ఫాల్స్‌కి పిక్నిక్ అంటే అందరం జలపాతం చూడ్డానికి ఓక్లహోమా వెళ్ళాం. అన్న 35వ నంబరు హైవే మీద ఆర్బకిల్ కొండల ఎక్కుడు కోసం వచ్చాడు. మేం నీళ్ళలో ఉండగా అతను ఆ ఎత్తు మళ్ళీ మళ్ళీ ఎక్కి దిగాడట. అతని కాశీ కొలరాడోలో ఉంది. 70వ నంబరు హైవే 11,000 అడుగుల పైన ఐజన్‌హోవర్ సొరంగంలో దూరేచోట. వెనక ట్రెయిలరు తగిలించి ఆ కొండెక్కాలని కోరిక. తగిలించడానికి ట్రెయిలరూ లేదు, అందులో వెయ్యడానికి సామానూ లేదు. కొందామని వదినని అడిగే ధైర్యమూ లేదు.

అందుకే అన్న బరువు ఎక్కడుంటే అక్కడ వాలతాడు. బతుకమ్మ స్టేజీ చెక్కలు, సంక్రాంతికి అద్దె బల్లలు, బాచిలర్ కుర్రాళ్ళ సోఫాలు, ఏవైనా సరే. ఒకసారి మా మిత్రుడి ఫ్రిజ్జూ మంచాలూ అన్నీ వేశాక కూడా ముల్లు 800 దాటలేదని, దార్లో ఆగి మట్టి బస్తాలు కొని వెనకేసుకున్నాడు. మట్టి ఇప్పుడు వదిన కరివేపాకు కుండీల్లో ఉంది. మొక్కలు బాగున్నాయి.

డాలస్‌లో ఇల్లు మారబోయేవాళ్ళకి ఒక మాట. మూవర్లకి డబ్బులు పొయ్యకండి. మీ చుట్టుపక్కల ఒక మీటర్ల అన్న తప్పక ఉంటాడు. పిలిచిన పూటే వస్తాడు, డీజిల్ కూడా తనదే. ఎంత బరువైతే అంత సంబరపడతాడు, కాబట్టి పియానో ఉన్నా మొహమాటపడొద్దు. అతని పక్క సీటులో మాత్రం రాత్రంతా ఇండియా కాల్స్‌లో కూర్చుని వచ్చినవాణ్ణి ఎక్కించండి. వాడు నిద్రపోతాడు, అన్న చెప్పుకుంటూ పోతాడు, సామాను క్షేమంగా చేరుతుంది.