కోరం మెంబరుగారు

ఓడలరేవు, అల్లవరం, బోడసకుర్రు వైపు పెద్దవాళ్లకి ఈయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. పంచాయతీ బోర్డుకి ప్రెసిడెంటు కాదు, వైస్ ప్రెసిడెంటూ కాదు. ఏ పార్టీ అంటే ఆయనే కాసేపు ఆలోచించుకోవాలి. మీటింగుకి ఒక తల తక్కువైనప్పుడు గుమస్తా సైకిలెక్కి ఎవరింటికి పరిగెడతాడో ఆయనే కోరం మెంబరు.

స్థానిక స్వపరిపాలన జనానికి రాజకీయ విద్య నేర్పుతుందని 1882లో రిప్పన్ ప్రభువు ఆశపడ్డాడు. ఆ ఆశలోంచి 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. తర్వాత 1920లో ఒకటి, 1950లో ఒకటి, 1964లో మన రాష్ట్రానిదే మరొకటి. చట్టాలు మారాయిగానీ అజెండా మారలేదు: వీధి దీపం, మురుగుకాలవ, మంచినీళ్ల బావి, ఇంటిపన్ను, బందెలదొడ్డి. రిప్పన్ చెప్పిన విద్యలో మన మెంబరుగారు సంతకం దాకా వచ్చి ఆగారు.

ఆ సంతకమైనా ఎక్కువగా ఇంటి అరుగు మీదే జరిగేది. గుమస్తా మినిట్సు బుక్కు చంకన పెట్టుకుని వచ్చేవాడు.

"సంతకం చేసెయ్యండి బాబూ."

"ఏం తీర్మానమోయ్?"

"కాలవ పూడికండి."

"ఎవరు ప్రతిపాదించారు?"

"ఆయ్, తమరేనండి."

మెంబరుగారు కళ్లజోడు సవరించుకుని, తన ప్రతిపాదనని తనే ఓసారి మెచ్చుకుని, సంతకం పెట్టేవారు. తను ఇన్ని ఘనకార్యాలు చేశానని ఆయనకి ఇలా అప్పుడప్పుడూ తెలిసేది.

అయితే మనిషి స్వయంగా కనిపించాల్సిన రోజులు లేకపోలేదు. వరుసగా మూడు నెలలు మీటింగుకి రాకపోతే సభ్యత్వం ఊడుతుందన్న నిబంధన ఒకటుండేది. చట్టం మొత్తంలో ఆయనకి కంఠతా వచ్చిన భాగం అదొక్కటే. అందుకని రెండు నెలలు మానేసి, మూడో నెల ఉతికిన పంచె కట్టుకుని, అందరికంటే ముందొచ్చి కూర్చునేవారు. చెరువుగట్టు మీది పంచాయతీ కొబ్బరిచెట్ల బొండాలే మీటింగులో మెంబర్లకి ఇచ్చేవారు. ఆ చెట్లని వేలంపాటలో దక్కించుకున్న ఆసామి గుమ్మంలో నిలబడి బొండాలు లెక్కపెట్టుకునేవాడు.

ఇంటిపన్ను దగ్గర మాత్రం మెంబరుగారు చురుకైన మనిషి. ఆయనది పెంకుటిల్లు, రిజిస్టరులో మాత్రం తాటాకిల్లు. తాటాకు తీసి పెంకు వేయించి ఎన్నాళ్లయిందో ఊరంతటికీ తెలుసు, బోర్డుకి తప్ప. బిల్లు కలెక్టరు అడిగితే, "రివిజన్ వచ్చినప్పుడు చూద్దాంలే" అనేవారు. రివిజన్ తీర్మానానికి కోరం కావాలి. ఆ రోజు ఆయనకి ఒంట్లో బాగుండేది కాదు.

వీధి దీపాలది ఇంకో కథ. కిరసనాయిలు దీపాల కాలంలో వెన్నెల రాత్రుళ్లు దీపం వెలిగించకుండా చమురు మిగల్చడం చాలా బోర్డుల పద్ధతి. శ్రావణ పౌర్ణమినాడు మబ్బు పట్టి ఊరు చీకట్లో తడుముకుంటుంటే, "కాయితం మీద వెన్నెలేనండి" అనేవాడు దీపాలవాడు. మిగిలిన చమురు ఎవరింట్లో వెలిగేదో అడగడం మర్యాద కాదు.

బోర్డుకి నాలుగు డబ్బులు కళ్లబడేది పాటల రోజునే. చేపల పాట, కొబ్బరికాయల పాట, సంత పాట, రేవు పాట. వైనతేయ పాయ మీద వంతెన లేని రోజుల్లో అవతలి ఒడ్డుకి పడవే దిక్కు కాబట్టి, రేవు పాడుకున్నవాడు సగం ప్రెసిడెంటు. ఓసారి మెంబరుగారు కునికిపాట్లు పడుతూ తలూపితే పాట ఆయన పేర కొట్టేశారని చెప్పుకుంటారు. ఇదే కథ ప్రతి ఊళ్లోనూ తమ మెంబరు మీద చెబుతారు గనక నమ్మాల్సిన పని లేదు.

నమ్మదగ్గది బావి సంగతి. సముద్రం పక్క ఇసకనేలలో మంచినీళ్లు పైపైనే ఉంటాయి, కింద ఉప్పునీళ్లు. అందుకే ఆ వైపు జనం లోతు లేని దొరువులు తీసుకుని నీళ్లు తోడుకునేవారు. ఈ సంగతి తెలియని పై ఆఫీసరు ఎవరైనా వచ్చి, ఎండాకాలం బావి ఎండుతోందంటే ఇంకాస్త లోతు చేయించమని చెప్పిపోతే, బోర్డంతా "చిత్తం" అనేది. అప్పుడు లేచేవారు మన మెంబరుగారు.

"లోతు చేస్తే ఉప్పు పడుద్దండి. మా తాతగారి నూతిలో అలాగే పడింది."

ఏళ్ల తరబడి కూర్చున్న కుర్చీలోంచి వచ్చిన ఒకే ఒక్క పనికొచ్చే మాట. దాన్ని మినిట్సులోకి ఎక్కించడానికి గుమస్తాకి మాటలు దొరికేవి కావు. అలవాటైనవే రాసేవాడు: "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." ఆ పేజీ కింద కూడా ఆయన సంతకం పెట్టేవారు.

1994 చట్టంతో పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్లకి వచ్చాయి. 1995 ఎన్నికల్లో తమ వార్డు అలా మారిపోతే, భార్య చేత నామినేషన్ వేయించి గెలిపించుకున్న కోరం మెంబర్లు చాలామంది. మన మెంబరుగారూ వాళ్లలో ఒకరు. గుమస్తా ఎప్పటిలాగే అరుగెక్కాడు. మెంబరుగారు ఎప్పటిలాగే కలం మూత తీశారు.

"ఏవిటందులో? ముందు చదవమనండి," అంది లోపల్నుంచి ఆవిడ.

ఇన్నేళ్లలో మినిట్సు బుక్కు పైకి చదివే అవసరం ఎన్నడూ రాని గుమస్తా, కళ్లజోడు కోసం జేబులు వెతుక్కోవడం మొదలెట్టాడు.