బాన్సువాడకొచ్చిన అమెరికా చోకు

మే నెల మిట్టమధ్యాహ్నం బాన్సువాడ బస్టాండులో నిలబడి ‘మా ఊళ్లో మొక్కలకు వెలుతురు చాలడం లేదు’ అని ఎవరైనా అంటే, పక్కనున్నవాళ్లు ముందు ఆయన్ని నీడకు తీసుకెళ్లి మజ్జిగ తాగిస్తారు. నిండు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. ట్యూబ్‌లైట్ వేసుకుని మనం పేపరు చదివే గదిలో ఉండేది కొన్ని వందలే. ఆ ఎండా, నిజాంసాగర్ కాలువ నీళ్లూ రెండూ ఉన్నందుకే కామారెడ్డి జిల్లాలోని ఈ పట్టణం చుట్టూ వరి పచ్చగా నిలబడుతోంది. అలాంటి ఊళ్లో ఒక రిటైర్డ్ లెక్కల సారు ఇంటికి మొక్కల లైటు వచ్చింది. అదీ విమానంలో.

తెచ్చింది కొడుకు. న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడి తెలుగు ఇళ్లలో కరివేపాకు మొక్కకు జరిగే మర్యాద ఇక్కడ కొత్త అల్లుడికి కూడా జరగదు. చలి మొదలవగానే కుండీని ఎత్తి ఇంట్లోకి తెస్తారు. హీటరు గాలి తగలకుండా ఒక మూల చూసి కూర్చోబెడతారు. పాపం, ఉష్ణదేశపు చెట్టు. చలికి ఆకులన్నీ రాల్చి మోడై కూర్చుంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకే ఊరది, కాబట్టి దానికి దీపం కూడా పెట్టాలి. కొడుకు ముందు 400 వాట్ల సోడియం దీపం పెట్టాడు. కరెంటు బిల్లు చూశాక ఎల్‌ఈడీకి మారాడు. మిగిలిపోయిన బల్బు, రేకు డిప్ప, ఇనుప డబ్బాలో కూర్చున్న బండరాయంత చోకు పారేయడానికి మనసొప్పలేదు. 23 కిలోల సూట్‌కేసులో బాదంపప్పు, చాక్లెట్లు ఇరుకుగా సర్దుకుని చోకుకు చోటిచ్చాయి.

“గింత ఎండ పెట్టుకొని చెట్లకు లైటెందుకు?” అని సారు భార్య అడిగింది. “పెరట్ల కరివేపాకు గోడ దాటి పక్కింటోళ్ల చారులకు గుడ పోతున్నది.”

సారు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: చామంతి.

ఇందులో ఆయన్ని తీసిపారేయడానికి లేదు. రాత్రులు పొడుగైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. రాత్రి మధ్యలో కాసేపు దీపం పెడితే, ఇంకా చలికాలం రాలేదనుకుని ఆకులు వేస్తూ కూర్చుంటుంది. దీపం మానేసిన తర్వాతే పూల సంగతి తలపెడుతుంది. పూలకూ పగటి పొడవుకూ ఉన్న ఈ చుట్టరికాన్ని 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లోకానికి చెప్పారు. వాళ్లకు పాఠం చెప్పింది ఒక పొగాకు రకం. వేసవంతా ఏపుగా పెరిగిందే గానీ పూయనని మొండికేసింది. బెంగళూరు, హోసూరు వైపు పూల రైతులు ఇవాళ చామంతికి రాత్రిపూట లైట్లు పెట్టేది ఈ లెక్క మీదే. డ్రాగన్ ఫ్రూట్‌ది తలకిందుల లెక్క. దానికి పగలు పొడుగ్గా ఉండాలి, అందుకే వియత్నాం తోటలు చలికాలం రాత్రుల్లో తిరునాళ్లలా వెలుగుతాయి. పిట్లం దగ్గర జాతీయ రహదారి ఎక్కి సంగారెడ్డి మీదుగా పోతే తగిలే పటాన్‌చెరులో, ఇక్రిశాట్ వాళ్లు దీపాల కింద పంటల్ని తొందరపెట్టి ఏడాదికి ఎక్కువ తరాలు తీసే కేంద్రాన్ని 2022లో తెరిచారు. సారు చదవనిది లేదు. చదవనిదల్లా ఆ చోకు డబ్బా వెనక అతికించిన చీటీ ఒక్కటే.

అమెరికా ప్లగ్గుకు చదునైన కాళ్లు, మన బోర్డుకు గుండ్రటి బొక్కలు. ఈ సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య ఒకడున్నాడు, తెల్లటి అడాప్టర్. ఎయిర్‌పోర్టు నుంచి కిరాణా కొట్టు దాకా ఎక్కడైనా దొరుకుతుంది. అది మార్చేది కాళ్ల ఆకారాన్ని మాత్రమే. అమెరికా గోడలో ఉండేది 120 వోల్టులు, బాన్సువాడ గోడలో ఉండేది 230. అడాప్టర్‌కు ఆ గొడవ పట్టదు. పైగా చవకరకం అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ కాలు ఉత్త అలంకారమే, లోపల దేనికీ తగిలి ఉండదు. అంటే ఇనుప డబ్బాకు కరెంటు పాకితే అది భూమిలోకి పోయే దారి లేక, ముట్టుకునేవాడి కోసం కాచుకుని ఉంటుంది.

సారు స్విచ్ వేశారు. డబ్బా ‘గుంయ్’మని ఒక్క మూలుగు మూలిగింది, ఎంసీబీ ‘టక్’మని పడింది. హాలంతా వార్నిష్ మాడిన కమురు వాసన. బల్బు మాత్రం రెప్ప కూడా ఆడించలేదు.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో ముందు వచ్చేది మెకానిక్ కాదు, బామ్మర్ది. “స్టార్టర్ పోయింటది బావా” అన్నాడు. సోడియం దీపానికి ట్యూబ్‌లైట్ స్టార్టర్ ఉండదని చెప్పేలోపు డబ్బాను రెండు దెబ్బలు కొట్టాడు. ట్యూబ్‌లైట్ పట్టీని చీపురు కట్టెతో తట్టి వెలిగించిన తరం అది. ఆ విద్య పనిచేసిన మాట నిజమే, వదులైన స్టార్టరో హోల్డరో కదిలి కుదురుకునేది. కాలిన వైండింగ్‌కు ఆ వైద్యం ఎక్కదు. దెబ్బలు పని చేయకపోయేసరికి బామ్మర్ది ఎంసీబీని మళ్లీ పైకి లేపబోయాడు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఎంసీబీ ఊరికే పడదు. కారణం తెలియకుండా దాన్ని లేపడమంటే, తలుపు వేసుకున్నవాణ్ని ‘ఎందుకు వేశావు’ అని అడక్కుండా తలుపు బద్దలు కొట్టడమే. అదృష్టం కొద్దీ సారు భార్య ఆ చేతిలో టీ గ్లాసు పెట్టింది.

అసలు చోకు ఎందుకు? సోడియం దీపమైనా ట్యూబ్‌లైట్ అయినా లోపల ఉండేది వాయువు. ఒకసారి వెలిగిందా, కరెంటు దూసుకుపోతూనే ఉంటుంది. ఎంత పోతే అంత ఎక్కువ లాగుతుంది. నిజాంసాగర్‌కు తూములు లేవనుకోండి, మంజీర నీళ్లన్నీ ఒక్క రాత్రిలో పొలాల మీద పడి పొలాలే లేకుండా పోవూ? చోకు ఆ తూము. దీపానికి ఎంత కావాలో అంతే వదులుతుంది. వెలిగించే తొలి పోటును ఇచ్చేది ఇగ్నిటర్. ఈ సైజు దీపానికి అది వేల వోల్టుల్లో ఉంటుంది. దీపం ఆన్‌లో ఉండగా హోల్డర్‌లో మల్టీమీటర్ పుల్లలు పెట్టి ‘వోల్టేజీ వస్తుందా’ అని చూసేవాళ్లకు వోల్టేజీ వస్తుంది, మీటర్ పోతుంది. మీటర్ ఒక్కటే పోతే సంతోషించాలి.

మెకానిక్ వచ్చాడు. చిన్నవాడే. వచ్చీ రాగానే డబ్బా జోలికి పోలేదు.

“ప్లగ్గు పీకుండ్రి సార్.”

“స్విచ్ బందే ఉంది కద తమ్మీ.”

“స్విచ్ బందైతే కరెంటు బందైనట్టు కాదు సార్. కొన్ని ఇండ్లల్ల స్విచ్‌ను న్యూట్రల్ మీద పెడ్తరు. లైటు ఆరిపోతది, ఫేజు మాత్రం లోపట్నే ఉంటది.”

ప్లగ్గు పీకాక టెస్టర్ తీశాడు. దాన్ని ముందు కరెంటున్న వేరే బోర్డులో పెట్టి అది వెలుగుతోందో లేదో చూశాడు. చచ్చిన టెస్టర్ ప్రతి వైరూ చచ్చిందనే చెబుతుంది కదా. అప్పుడు డబ్బా మీద పెట్టాడు. తర్వాత మళ్లీ బోర్డులో పెట్టి చూశాడు. లెక్కల సారుకు ఈ పద్ధతి నచ్చింది. జవాబును వెనక్కి వేసి సరిచూసుకునే పిల్లాడు ఆయనకు సర్వీసులో అరుదుగా తగిలాడు.

తర్వాత టీ అడిగాడు. అది కూడా పనిలో భాగమే. డబ్బాలో పెద్ద కండెన్సర్ ఉంటుంది. ప్లగ్గు పీకినా అందులో కరెంటు కొంతసేపు దాక్కుని ఉంటుంది. దానంతటదే దిగిపోవడానికి చిన్న రెసిస్టర్ పెడతారు గానీ, కాలిపోయిన డబ్బాలో ఆ రెసిస్టర్ బతికుందని ఎవరు హామీ ఇస్తారు? స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ‘ఫట్’మనిపించే శూరులూ ఉన్నారు. ఈ అబ్బాయి ఆ జాతి కాదు. టీ అయ్యాక రెసిస్టర్‌కు పొడుగు వైర్లు కట్టుకుని దించాడు, మీటర్‌తో సున్నా చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టాడు. ఇంటివాళ్లు చేయకూడని పని ఇదే. వాళ్ల పని ప్లగ్గు దగ్గర ఆగాలి.

లైటు వెలగకపోతే మామూలుగా ముందు అనుమానించాల్సింది టైమర్‌ను, ఎందుకంటే ఇలాంటి దీపాలకు తిప్పుడు టైమర్ తగిలిస్తారు. కరెంటు పోయినప్పుడల్లా దాని గడియారం కూడా ఆగిపోతుంది. రెండు గంటలు కరెంటు పోతే అర్ధరాత్రి వెలగాల్సిన లైటు రెండింటికి వెలుగుతుంది. ఇల్లంతా ‘లైటు చెడింది’ అంటుంది గానీ పాపం అది సమయపాలన చేస్తూనే ఉంటుంది, టైమర్ లెక్క ప్రకారం. తర్వాత అనుమానించాల్సింది బల్బును. పాత సోడియం వీధిదీపం వెలిగి, పసుపెక్కి, ఆరిపోయి, కాసేపటికి మళ్లీ వెలగడం ఊళ్లో అందరూ చూసిందే. ఎక్కువసార్లు అది బల్బు ముసలితనం, చోకు తప్పు కాదు. ఇక వెలుగుతున్న దీపానికి క్షణం కరెంటు పోయినా చల్లారితే గానీ మళ్లీ వెలగదు. ఆ నిమిషాల్లో కంగారుపడి మంచి చోకు మార్పించినవాళ్లూ ఉంటారు. చవకదాన్ని ముందు అనుమానించాలి, ఖరీదైనదాన్ని చివర.

ఇక్కడ మాత్రం అనుమానానికి తావు లేదు. కమురు వాసన, ఉబ్బిన కండెన్సర్, వైండింగ్‌కూ డబ్బా రేకుకూ మధ్య ఏ సంబంధమూ చూపించకూడని మీటర్ చుట్టరికం చూపించడం, అన్నీ ఒకే మాట చెప్పాయి. అప్పుడు డబ్బాను వెనక్కి తిప్పి అందరికీ చీటీ చూపించాడు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

“స్టెప్‌డౌన్ పెట్టి ఇంకోటి తెప్పిద్దాం బావా” అన్నాడు బామ్మర్ది. వోల్టేజీ సంగతి స్టెప్‌డౌన్ చూసుకుంటుంది, నిజమే. హెర్ట్జ్ సంగతి అది చూడదు. మన కరెంటు 50 హెర్ట్జ్. 60కి చుట్టిన ఇనుప చోకుకు 50 ఇస్తే, అదే వోల్టేజీకి దాని ఇనుము 20 శాతం ఎక్కువ భారం మోయాలి. అందుకని వేడెక్కుతుంది, మూలుగుతుంది, తొందరగా పోతుంది. ఇనుప చుట్టల బదులు సర్క్యూటుతో పనిచేసే ఎలక్ట్రానిక్ చోకుల్లో రెండు దేశాల కరెంటూ తట్టుకునేవి ఉన్నాయి, చీటీ మీద ఆ మాట రాసి ఉంటే.

చామంతికి ఏ చోకూ అక్కర్లేదని తేలడం ఈ కథలో కాస్త అవమానకరమైన భాగం. రాత్రి మధ్యలో దాన్ని మోసం చేయడానికి 100 లక్సులు చాలు. కుండీలకు మీటరు ఎత్తున వేలాడదీసిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఆ పని చేస్తుంది. 400 వాట్ల సోడియం దీపం పెడితే చామంతి కంటే ముందు పక్కింటివాళ్లకు నిద్ర పట్టదు.

అమెరికా నుంచి వస్తున్న పిల్లల పెట్టెలో మొక్కల లైటో, మిక్సీయో, ఇంకేదైనా ప్లగ్గున్న వస్తువో ఉంటే బోర్డు దగ్గరికి తీసుకెళ్లే ముందు వెనక చీటీ చదవండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే పెట్టుకోండి. ఒక్క 120 మాత్రమే ఉంటే దాన్ని పెట్టెలోనే ఉంచి తిరుగు విమానం ఎక్కించండి. ఇప్పటికే పెట్టేసి, ఎంసీబీ పడి ఉంటే దాన్ని లేపకండి. ప్లగ్గు పీకి మెకానిక్‌ను పిలవండి.